కొలత ముగిసిన తరువాత కుంచము మార్చవచ్చునా?

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 16:18–20, 1 సమూయేలు 8:1–5, సామెతలు 20:10, లూకా 18:1–8



కళ్లములో ధాన్యము కొలుచు దినమును మన పల్లెలలోని పెద్దలు మరచిపోలేదు. రాశి యెదుట కుంచము పెట్టుదురు. భూమి గలవాడును కౌలుదారుడును దానిని చేతపట్టి చూచి, సరియేనని ఒప్పుకొందురు. అటుతరువాతనే కొలుచువాడు "లాభము" అని మొదటి కుంచమును పోసి, "రెండు, మూడు" అని లెక్క సాగించును. రాశి అంతయు అయిపోయి, బస్తాలు కుట్టి, బండి కెత్తునప్పుడు, తక్కువ వచ్చినవాడు లేచి, "ఈ కుంచము కురుచది, మరల కొలువుడి" అనినయెడల పెద్దలు అతనిని ఒక్క ప్రశ్న అడుగుదురు. "నాయనా, మొదటి కుంచము పోయకముందు ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

ఈ చిన్న ప్రశ్నయే అమెరికా దేశములోని నార్త్ కరోలినా రాష్ట్రమును 2024 నవంబరు మొదలుకొని 2025 మే నెల వరకు ఆరు నెలలు కలవరపెట్టినది. అక్కడ కొలువబడినది ధాన్యము కాదు, మనుష్యుల ఓట్లు. ఆ ఓట్లు కోరినవారు మంత్రి పదవికి గాని శాసనసభకు గాని నిలువబడిన వారు కారు. న్యాయపీఠము మీద కూర్చుండుటకు నిలువబడిన న్యాయాధిపతులు. అందుచేతనే ఈ సంగతి మనము నిదానముగా ఆలోచింపదగినది. మన తెలుగు కుటుంబములు అనేకములు ఆ రాష్ట్రములోని కేరీ, షార్లెట్ పట్టణములలో కాపురముండుటచేత ఇది మనకు బొత్తిగా పరాయి సంగతియు కాదు.

మన దేశములో న్యాయాధిపతులను ప్రజలు ఓట్లువేసి ఎన్నుకొనరు. హైకోర్టు న్యాయాధిపతులను, సుప్రీంకోర్టు న్యాయాధిపతులను రాష్ట్రపతి నియమించును. అమెరికాలో ఆచారము వేరు. ఆ దేశములో ప్రతి రాష్ట్రమునకును ఒక ఉన్నత న్యాయస్థానము కలదు. పెక్కు రాష్ట్రములలో దానిని ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు అందురు. మనకు హైకోర్టు ఎట్టిదో రాష్ట్రమునకు అది అట్టిది. 1832 సంవత్సరములో మిసిసిపీ రాష్ట్రము తన న్యాయాధిపతులందరిని ప్రజలే ఎన్నుకొనవలెనని మొట్టమొదట శాసనము చేసెను. తరువాత అనేక రాష్ట్రములు ఆ త్రోవను పట్టెను. నార్త్ కరోలినా సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయాధిపతులు కలరు. ఒక్కొక్కరి కాలము ఎనిమిది సంవత్సరములు. 2018 మొదలుకొని ఓటు పత్రము మీద వారి పేరు ప్రక్కను వారి పార్టీ పేరు కూడ అచ్చువేయబడుచున్నది.

ఆ ఏడు స్థానములలో ఒకదానికి 2024 నవంబరు 5న ఎన్నిక జరిగెను. ఆ స్థానములో అప్పటికే ఉన్న డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిని ఆలిసన్ రిగ్స్ ఒక ప్రక్క, అదే రాష్ట్రపు అప్పీలు కోర్టులో న్యాయాధిపతిగా నుండిన రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి జెఫర్సన్ గ్రిఫిన్ మరియొక ప్రక్క నిలిచిరి. ఎన్నిక రాత్రి గ్రిఫిన్ సుమారు 10,000 ఓట్ల ఆధిక్యములో ఉండెను. మిగిలిన ఓట్లు లెక్కింపబడిన కొలది ఆ ఆధిక్యము కరగిపోయెను. తుదకు రిగ్స్‌కు 27,70,412 ఓట్లు, గ్రిఫిన్‌కు 27,69,678 ఓట్లు వచ్చెను. తేడా 734. అనగా 7,500 మంది ఓటు వేసినచోట ఇంచుమించు ఒక్క ఓటు తేడా. గ్రిఫిన్ మరల లెక్కించుమని కోరగా మరల లెక్కించిరి. ఆ 734 మారలేదు. కొన్నిచోట్ల చేతులతో కూడ లెక్కించి చూచిరి. ఫలితము తారుమారు కాలేదు.

ఇంతవరకు జరిగినదానిలో దోషమేమియు లేదని మేము తలంచుచున్నాము. అంత దగ్గరగా ఓడినవాడు మరల లెక్కించుమని అడుగుట అతని హక్కు. లెక్క తప్పుట మనుష్యులకు సహజమే. కాని కథ అక్కడ ఆగలేదు. 65,000 మందికి పైగా ఓటర్ల ఓట్లు చెల్లవని గ్రిఫిన్ అభ్యంతరము పెట్టెను. అందులో సుమారు 60,000 మంది పేర్లు ఓటర్ల జాబితాలో నమోదై యుండినను, వారి డ్రైవింగు లైసెన్సు నంబరు గాని సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి నాలుగు అంకెలు గాని దాఖలాలో కనబడలేదు. మరికొందరు విదేశములలో నుండి ఓటు పంపిన సైనికులు, వారి కుటుంబములవారు, అక్కడ నివసించు పౌరులు. వీరు తమ ఓటుతో ఫోటో గుర్తింపు కార్డు నకలు పంపలేదు. సవాలు చేయబడిన వారి జాబితాలో రిగ్స్ యొక్క తలిదండ్రుల పేర్లు కూడ ఉండెను.

గ్రిఫిన్ పక్షమున చెప్పదగిన మాట ఒకటి కలదు. దానిని దాచి వ్రాయుట న్యాయము కాదు. ఎన్నిక చట్టములో నంబరు కావలెనని వ్రాసియున్నది, చట్టము చట్టమే, చట్టప్రకారము కాని ఓటు ఒకటి లెక్కలో చేరినయెడల చట్టప్రకారము వేసిన మరియొకని ఓటు విలువ తగ్గిపోవును. ఇది ఆయన వాదన. ఈ మాటలో సత్యము లేకపోలేదు. సంఘ సభ్యుల జాబితాలో లేనివారు సంఘపు ఎన్నికలో చేయి ఎత్తినయెడల మనము మాత్రము ఊరకుందుమా?

అయినను న్యాయమైన వాదనను న్యాయము కాని విధముగా వాడుట సాధ్యమే. అట్లు వాడబడినదా లేదా యని తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ మూడును కళ్లములో కుంచమునకు వేయదగిన ప్రశ్నలే.

మొదటిది: ముందు చెప్పితివా, తరువాత చెప్పితివా?

విదేశములనుండి ఓటు వేయువారు ఫోటో కార్డు పంపనక్కర లేదని రాష్ట్ర ఎన్నికల బోర్డు ఎన్నికకు ముందే నియమము చేసెను. ఆ నియమమును నమ్మి వారు ఓటు వేసిరి. నంబరు లేని విషయము కూడ ఎన్నిక దినమున పుట్టినది కాదు. నమోదు ఫారమును గూర్చిన ఫిర్యాదు 2023లోనే బోర్డు యెదుటికి వచ్చి, ఫారము దిద్దబడెను. కుంచము అందరి యెదుట ఉండెను. కొలత ముగిసి 734 తక్కువ వచ్చిన తరువాత ఆ కుంచము పనికిరాదనుట ఎట్టిది? గెలిచియున్నయెడల ఈ అభ్యంతరము పుట్టియుండునా? నియమము మీద ప్రేమచేత లేచిన అభ్యంతరము ఓటమికి ముందును లేచును, గెలుపు తరువాతను నిలుచును.

రెండవది: అందరికిని ఒకే కుంచమా?

60,000 మందిలో అభ్యంతరము పెట్టబడినది ముందుగా ఓటు వేసినవారి మీదను, తపాలా ద్వారా ఓటు పంపినవారి మీదను మాత్రమే. అదే లోపముతో ఎన్నిక దినమున ఓటు వేసినవారి జోలికి ఎవరును పోలేదు. విదేశములలోని ఓటర్ల విషయములోను, రాష్ట్రములో 100 కౌంటీలు ఉండగా, సవాలు నాలుగింటికి మించలేదు. ఆ నాలుగును ప్రతిపక్షమునకు ఎక్కువ ఓట్లు వచ్చు చోట్లు. మన సంతలో కొనుటకు ఒక రాయి, అమ్ముటకు మరియొక రాయి సంచిలో దాచుకొను వర్తకుని మనమెరుగుదుము. వేరువేరు తూనికరాళ్లను గూర్చి సామెతల గ్రంథకర్త హెచ్చరించినప్పుడు కేవలము ఉప్పు పప్పులను గూర్చియే చెప్పలేదు. ఒక్కొక్క రాయి సరియైన బరువే కావచ్చును. ఎవరికి ఏ రాయి తీయుదుమను దానిలోనే మోసము దాగియుండును.

మూడవది: తప్పు ఎవరిది, దండన ఎవరికి?

ఆ నంబర్లు దాఖలాలో లేకపోవుటకు కారణమేమి? కొందరి విషయములో పాత ఫారము నంబరు తప్పనిసరి యని స్పష్టముగా చెప్పలేదు. కొందరు నంబరు ఇచ్చిరి గాని దాఖలాలో అది సరిపోలలేదు. ఓటరు తన ఇంటినుండి వచ్చి, అడిగిన కాగితము చూపి, ఇచ్చిన పత్రము నింపి, నెమ్మదిగా ఇంటికి పోయెను. గుమాస్తా చేసిన పొరపాటుకు అతని ఓటు తీసివేయుట న్యాయమా? మన పల్లెలలో రేషను కార్డులో పేరు తప్పుపడి నెలల తరబడి కచేరి చుట్టు తిరిగిన విధవరాండ్రకు ఈ ప్రశ్న బాగుగా అర్థమగును.

ఇప్పుడు న్యాయస్థానములు ఏమి చేసెనో చూతము. ఎన్నికల బోర్డు 2024 డిసెంబరులో గ్రిఫిన్ అభ్యంతరములను త్రోసివేసెను. 2025 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఫలితమును ధ్రువపరచకుండ నిలిపివేసెను. రిగ్స్ తన స్వంత వ్యాజ్యెములో కూర్చుండక ప్రక్కకు తొలగెను. ఏప్రిల్ 4న అప్పీలు కోర్టు ఇద్దరు ఒక ప్రక్క, ఒకరు ఒక ప్రక్కగా గ్రిఫిన్‌కు అనుకూలముగా తీర్పు చెప్పెను. వారము దినములకు రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును కొంత మార్చి, బోర్డు చేసిన పొరపాటును ఓటర్ల నెత్తిన పెట్టరాదని ఆ 60,000 ఓట్లను నిలువనిచ్చెను. కాని విదేశములలోని ఓటర్లు 30 దినములలో తమ గుర్తింపు చూపుకొనవలెననెను. తుదకు మే 5న ఫెడరల్ న్యాయాధిపతి రిచర్డ్ మైయర్స్, ఆట ముగిసిన తరువాత నియమములు మార్చరాదను భావముతో, రిగ్స్ గెలుపును ధ్రువపరచవలెనని తీర్పు వ్రాసెను. అప్పీలు చేసికొనుటకు ఏడు దినములు వ్యవధి ఇచ్చెను. గ్రిఫిన్ అప్పీలు చేయక మే 7న ఓటమిని ఒప్పుకొనెను. మే 13న రిగ్స్ ప్రమాణ స్వీకారము చేసెను.

ఈ వ్యవహారములో మా మనస్సును ఎక్కువగా తాకినవారు ఇద్దరు. ఒకరు ఆ ఫెడరల్ న్యాయాధిపతి మైయర్స్. ఆయనను ఆ పదవిలో నియమించినది రిపబ్లికన్ అధ్యక్షుడైన ట్రంప్. రెండవవారు రాష్ట్ర సుప్రీంకోర్టులోని న్యాయాధిపతి రిచర్డ్ డీట్జ్. ఆయనయు రిపబ్లికన్ పార్టీ తరపున ఎన్నికైనవాడే. ఎన్నిక ముగిసిన తరువాత నియమములను కదిలించుట తగదని, తన పార్టీకి చెందిన తోటి న్యాయాధిపతుల అభిప్రాయమునకు భిన్నముగా ఆయన వ్రాసెను. తన పక్షపు వానికి మేలు కలుగునట్లు తీర్పు చెప్పుట సులభము. అట్టి తీర్పు న్యాయమైనదే అయినను లోకము నమ్మదు. తన పక్షము నష్టపోవునప్పుడు పలికిన న్యాయమును శత్రువు సహితము నమ్మును. న్యాయాధిపతి తూకము ఎట్టిదో తెలియవలెనంటే తనవారిని అందులో పెట్టినప్పుడు చూడవలెను.

ఇక్కడ మరియొక ప్రశ్న పుట్టును. న్యాయాధిపతులను ఓట్లతో ఎన్నుకొనుటయే తప్పు కాదా? ఓటు అడిగినవాడు రేపు ఓటు వేసినవానిని చూచి తీర్పు చెప్పడా? ఈ భయము ఊరక పుట్టినది కాదు. 2004లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రములో ఒక బొగ్గు గనుల కంపెనీ అధిపతి, తన కంపెనీ అప్పీలు ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానమునకు పోవలసియున్న సమయములో, అక్కడి ఎన్నికలో ఒక అభ్యర్థికి తోడ్పడుటకు సుమారు 30 లక్షల డాలర్లు ఖర్చుచేసెను. ఆ అభ్యర్థి గెలిచి, ఆ కంపెనీ వ్యాజ్యెములో కూర్చుండి, దానికి అనుకూలమైన పక్షమున చేరెను. ఆయన తొలగవలసినదని 2009లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురు తేడాతో తీర్పు చెప్పెను. 2025 ఏప్రిల్‌లో విస్కాన్సిన్ రాష్ట్రములో ఒక్క న్యాయపీఠము కొరకు ఇరుపక్షములు కలిసి సుమారు 10 కోట్ల డాలర్లు ఖర్చుచేసెను.

అట్లని నియామకమే పాపము లేని త్రోవ యని చెప్పగలమా? సమూయేలు వృద్ధుడైనప్పుడు తన కుమారులను న్యాయాధిపతులుగా నియమించెను. వారిని ఎవరును ఓట్లువేసి ఎన్నుకొనలేదు. అయినను వారు లంచములు పుచ్చుకొనిరి. తండ్రి పవిత్రుడైనను నియామకము వారిని పవిత్రులను చేయలేదు. మోషే కాలమునాటి సంగతి చూచినను, నిర్గమకాండములో మోషేయే పెద్దలను ఏర్పరచినట్లు చదువుచున్నాము. ద్వితీయోపదేశకాండములోనైతే జ్ఞానులను మీరే చూపుడని ఆయన జనులతో చెప్పినట్లు చదువుచున్నాము. రెండు చోట్లను గురి ఒక్కటే: లంచమును అసహ్యించుకొని, ముఖము చూడక, చిన్నవాని మొరయు పెద్దవాని మాటయు సమానముగా వినువాడు కావలెను. అతడు ఏ ద్వారమున వచ్చెనని అడుగుట మంచిదే. వచ్చి కూర్చుండిన తరువాత ఎవరికి భయపడునని అడుగుట అంతకంటె అవసరము.

కొందరు మమ్మును అడుగవచ్చును: "లూకా సువార్తలోని విధవరాలు విసుగక న్యాయాధిపతిని వేడుకొనలేదా? గ్రిఫిన్ కూడ విసుగక వేడుకొనెను. అది తప్పెట్లు?" మంచి ప్రశ్న. పట్టు విడువకుండుట ఇద్దరిలోను ఉన్నది. కాని ఆ విధవరాలు తనకు రావలసినది తనకిమ్మని వేడెను. మరియొకరికి దక్కినది తీసివేయుమని వేడలేదు. మరల లెక్కించుమని అడుగువాడు విధవరాలివలె అడుగుచున్నాడు. వారివి లెక్కింపకుడని అడుగుట వేరు సంగతి. అట్లు అడుగుటకు కూడ ఒక్కొక్కప్పుడు న్యాయమైన కారణముండవచ్చును. దొంగ ఓటు వేసినవానిని పట్టుకొనవద్దని ఎవరును చెప్పరు. అయితే ఆ అడుగువాడు పైని చెప్పిన మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలవాడై యుండవలెను.

ఓడిపోవుట కూడ ఒక సేవయే యని మేము చెప్పుదుము. ఇదే నార్త్ కరోలినాలో 2020 సంవత్సరమున ప్రధాన న్యాయాధిపతి స్థానమునకు జరిగిన ఎన్నికలో, అప్పుడు ఆ పీఠముమీద నుండిన చెరి బీజ్లీ 401 ఓట్ల తేడాతో పాల్ న్యూబీ చేతిలో ఓడిపోయెను. మొత్తము 53 లక్షలకు పైగా ఓట్లలో తేడా 401 మాత్రమే. ఆమె కూడ ఊరకుండలేదు. మరల లెక్కించుమని కోరెను, కొన్ని అభ్యంతరములు పెట్టెను. అయితే లెక్క తేలిన తరువాత, డిసెంబరు నెల సగము కాకముందే, ఓటమిని ఒప్పుకొని పీఠము దిగెను. నాలుగు సంవత్సరముల తరువాత అదే రాష్ట్రములో ఒప్పుకోలు మే నెల వరకు రాలేదు. ఆ ఆరు నెలలు వేలాది సామాన్యులు, తాము వేసిన ఓటు ఓటేనా కాదా యని తెలియక గడిపిరి. గ్రిఫిన్ తుదకు అప్పీలుకు పోక ఆగిపోయెను; దానిని మంచిదని ఒప్పుకొందము. ఆగుటకు వీలున్నప్పుడు ఆగినవాడు ఎప్పుడైనను మెచ్చదగినవాడే. కాని మంచి పనికి కూడ ఆలస్యపు మూల్యము ఉండును. ఆ మూల్యమును అక్కడి ఓటర్లు చెల్లించిరి.

ప్రియులారా, సముద్రము ఆవలి సంగతి ఇంత దూరము మీతో ఎందుకు చెప్పితిమి? మన సంఘములలో పెద్దల ఎన్నిక జరుగు దినమును తలంచుకొనుడి. ఆరాధన ముగిసిన తరువాత చీటీలు పంచుదురు. పాస్టరుగారి యెదుట బల్లమీద వాటిని విప్పి చదువుదురు. ఒకటి రెండు చీటీల తేడాతో ఒకరు గెలుతురు, ఒకరు ఓడుదురు. మరుసటి ఆదివారము ఏమి జరుగును? నిరుడు చందా చెల్లింపని ఫలాని కుటుంబము ఓటు ఎట్లు వేసెనని ఒకరు లేతురు. బాప్తిస్మపు రిజిష్టరులో ఫలాని పిల్లవాని వయస్సు సరిగా లేదని మరియొకరు లేతురు. ఆ కుటుంబము చందా చెల్లింపలేదని అంతకుముందు తెలియదా? ఆ రిజిష్టరు అంతకుముందు బీరువాలో లేదా? తెలిసియుండియు గెలుతుమని ఊరకుండి, ఓడిన తరువాత లేచినయెడల మనకు నియమము మీద ప్రేమ కాదు, పీఠము మీద ప్రేమ. ఆ తగవు చేత ఒక్క గుడి రెండు గుడులైన పల్లెలు మనకు తెలియనివి కావు.

కనుక ఎన్నికకు ముందుగానే జాబితా చదివి వినిపింపవలెను. అభ్యంతరము ఉన్నవారు అప్పుడే లేచి చెప్పవలెను. తన బంధువు పేరు జాబితాలో తప్పుగా ఉన్నయెడల దానిని కూడ తానే చెప్పవలెను. అప్పుడు అతని మాటకు బరువుండును. పుస్తకము వ్రాయువాని పొరపాటుకు బీద సభ్యుని శిక్షింపరాదు. లెక్కలో సందేహమున్నయెడల ఒకసారి, కావలసినయెడల రెండుసార్లు, అందరి యెదుట లెక్కింపవలెను. అటుతరువాత ఓడినవాడు గెలిచినవాని చేయి పట్టుకొనవలెను. గెలిచినవాడును జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి ఒకటి కలదు: తనకు ఓటు వేయని సగము మందికి కూడ తానే పెద్ద. 734 ఓట్లతో పీఠమెక్కిన న్యాయాధిపతి యెదుటికి, ఆమెకు వ్యతిరేకముగా ఓటు వేసిన 27 లక్షల మందిలో ఎవడైనను వ్యాజ్యెముతో రావచ్చును. అతనికి న్యాయము జరిగిన దినమున ఆమె నిజముగా గెలిచినది.

ఈ సంవత్సరము మీ సంఘములో ఎన్నిక ఉన్నయెడల, చీటీలు పంచకముందు ఒక్కసారి కుంచమును అందరును కలిసి చూడుడి. సరియేనని ఒప్పుకొనుడి. అటుతరువాత ఎవరికి ఎంత వచ్చినను, ఆ కొలతకు కట్టుబడి యింటికి పొండి.